రెండో స్టెప్నీ

ఆస్ట్రేలియా ఎడారి అంచున మారీ అనే ఊరి చివర రేకుల షెడ్డు. ఎడారి దారికి సిద్ధం చేస్తున్న పాత జీపు చుట్టూ తిరిగి చూస్తోంది అక్క. తమ్ముడు సామాను కడుతున్నాడు.

"రెండో స్టెప్నీ ఏదిరా?"

"దించేశానక్కా. ఫ్రిజ్‌కి చోటు కావాలిగా."

"నీళ్ల డబ్బాలు?"

"ఒకటి పెట్టా. మిగతా చోటంతా బీరు."

"ఛీ, సిగ్గులేదూ? ఆ రాళ్లకి టైర్లు ఎలా చీలిపోతాయో తెలిసి కూడా?"

"శాటిలైట్ ఫోనుందిగా. పిలిస్తే ఎవరో ఒకరు వస్తారు."

"వస్తారు. నాన్న కోసమూ వచ్చారు."

"ఆయన కోసమే కదా ఈ బీరు. నాన్న పోయిన చోట శిలువ పాతాక ఆ మట్టి మీద ఒక సీసా పోద్దామని."

"నువ్వప్పుడు పెర్త్‌లో ఉన్నావు. నాన్న బండి తలుపు తీసింది నేను. టైర్లు రెండు చీలిపోయున్నాయి. నీళ్ల డబ్బాలో చుక్క లేదు. ఫ్రిజ్‌లో మిగిలిన బీరు మాత్రం ఇంకా చల్లగా ఉంది."

తమ్ముడు తాడు ముడి వేయడం ఆపాడు.

"ఈ ఫ్రిజ్ నీకెక్కడ దొరికింది?" అంది అక్క.

"ఇక్కడే, షెడ్డు మూలన. గోనెపట్టా కింద."

"నాన్న బండిలోంచి దించి, ఆ పట్టా కప్పింది నేనే."