మసి అద్దం

1991, మందమర్రి. పాత టాకీసులో కొత్తగా తెరిచిన ఫంక్షన్ హాలు. దాని ఎదుట చాయ్ హోటల్‌లో ఇద్దరు ముసలివాళ్లు.

"నా కనకవ్వ సచ్చింది నీ వల్ల, రహమాన్. గిది ఊరంతకు ఎరుకే."

"ఇరవై ఏండ్ల సంది గదే మాట, పర్శన్నా. బిడ్డ పెండ్లికి పిలుద్దామని వస్తే..."

"ఏడ పెండ్లి?"

"గీ హాల్లనే."

"హాలట. చొక్కారావు సినిమాలాడిచ్చిండు. అవి నడువకుంటే పత్తి బస్తాలు నింపిండు. ఇప్పుడు వాని కొడుకు ఎలుకల కంపు మీద సున్నమేసి ఫంక్షన్ హాలన్నడు. 'నేల తరగతి' అన్న రాత సున్నంలకెల్లి కనవడ్తనే ఉన్నది. నువ్వు సినిమా మెషిన్ తిప్పిన కాడ నీ బిడ్డకు నిఖా. సిగ్గు లేదు."

"మెషిన్ రూము ఇప్పుడు వంటగది. గోడ కూలగొడ్తుంటే గిది దొరికింది. చూడు."

"అద్దం ముక్క."

"మసి పూసి పుల్లతోని గీకి రాసిన. ఆనాడు నువ్వు మ్యాట్నీల ఉన్నవ్. మీ పక్కింటి ఐలవ్వ ఉరికొచ్చింది. కనకవ్వకు కాన్పు కష్టమైంది, మొగడు లేంది దవాఖానకు జీపెక్కనంటున్నది అన్నది. అప్పటికప్పుడు రాసి తెర మీద ఏసిన. చదువు."

"కండ్లు కనవడయి."

"నేను చదువుత. 'వాగుగడ్డ పర్శరాములు వెంటనే బయటికి రావలెను. ఇంటి దగ్గర ఆపద.'"

"నిన్న రాసినవేమో."

"పర్శన్నా, నీ మాట పిలగాని తరపోళ్ల చెవిల పడ్డది. సావుబతుకుల కబురు చెప్పనోని బిడ్డ మాకొద్దంటుండ్రు. రేపు నిన్నే అడుగుతరట."

"అడగనీ. ఇన్నేండ్లు చెప్పిందే చెప్త."

"జర ఇను. నిద్రపోయిన అను. బీడీకి బయటికి పోయిన అను. నీ మీద తప్పు రాదు. రహమాన్ ఒకసారి ఏసిండు, నేనే చూడలే అను. గంతే."

"ఒకసారా?"

"ఏమో. యాది లేదు."

"నాకున్నది. రెండుసార్లు ఏసినవ్. రెండోసారి తలకిందులు ఏసినవ్. హాలంత నవ్విండ్రు."

"పర్శన్నా..."

"నేను గూడ నవ్విన. ఆడోళ్ల కాన్పుకు మొగోడెందుకని కూసున్న. రేపు వాళ్లను తోల్కరా, గిదే చెప్త. ఆ తర్వాత సచ్చేదాక గీ మాట నా నోట రాదు."