ఉగాండాల అరటిపండు

ఏయ్ భరత్, ఇటు రా. ఆ చిన్నపోరిని ఏమన్నవ్ ఇప్పుడు? ఆటల అరటిపండా? బ్యాటు చేతికిస్తవు గని అవుటైనా లెక్కవెట్టవు, కొట్టినా లెక్కవెట్టవు. అనుకో, నాకేం. మేము గూడ అన్నోళ్లమే, మమ్మల్ని గూడ అన్నరు. గని గీ ఒక్క మాట వట్కొని మా బామ్మర్ది సుదర్శన్ ఉగాండా దాక పోయి పరేషానైండు. నీకు తెల్వదులే, నువ్వు పుట్టకముందే పోయిండు. కూసో, చెప్త. ఆ బాల్ పక్కకు వెట్టు.

సుదర్శన్ అంటే మీ రాధమ్మవ్వ తమ్ముడు. ఈడ గద్వాలల మాతోటే మగ్గం గుంతల కాళ్లువెట్టి పెరిగినోడు. చీర నేసుడంటే ఉత్త మాటలు కాదు, అంచు పట్టుది, నడుమ నూలుది, రెండు కల్పాలె... ఆ ముచ్చట వద్దులే, మొదలువెడితే పొద్దుగూకుతది. వాడు మగ్గం ఇడ్సి చదువుకొని వనపర్తిల ఓ ప్రైవేటు బడిల ఆటల సారైండు. ఏండ్లకేండ్లు చేసిండు. ఆఖరికి ఆ బడోళ్లు గ్రౌండుల గదులు కట్టుకొని, 'గ్రౌండే లేదు, ఇగ ఆటల సారెందుకు' అని పంపిచ్చిండ్రు. నాకైతే ఒళ్లు మండింది. వాడు నవ్విండు. పెండ్లాం అప్పటికే లేదు, పిల్లలు కాలే. ఎవరో సంస్థోళ్లు బయటిదేశంల బడి పిల్లలకు క్రికెట్ నేర్పెటోళ్లు కావాలంటే పోయి పేరిచ్చి వచ్చిండు. జీతం లేదు, బువ్వ పెడ్తరు, ఉండనిస్తరు, గంతే. మీ అవ్వ ఊకుంటదా? 'ఓరి సుదర్శనూ, పాన్‌గల్ల పిల్లలు లేరా, శ్రీరంగాపూర్ల పిల్లలు లేరా? వాళ్లకు చేతులు లేవా బాల్ పట్టనీకి? ఉట్టిగ నేర్పనీకి ఇమానమెక్కి పోవాల్నా?' వాడు, 'ఈడ ఎవరన్న పిలిస్తే ఈడనే నేర్పుదు అక్కా' అన్నడు. మీ అవ్వ నోరు మూతవడుడు నేను చూసింది గదొక్కసారే.

ఆడ ఉగాండాల అంత ఎర్రమట్టి, వాన. మన తాన మనం మొగులు దిక్కు చూస్తం, ఆడ మొగులే మనదిక్కు చూస్తదంట. పిల్లలు గట్టోళ్లు. అండ్ల నకాటో అని ఒక పోరి, అందరికంటె చిన్నది, జెరమొచ్చి లేసింది, బ్యాటు ఎత్తరాకుండె. మొదటి బాల్‌కే అవుటై ఏడ్సుకుంట పోయేది. మనోడేం చేసిండు? మన గల్లీ లెక్క, 'ఈమె అరటిపండు, ఈమెకు అవుట్ లేదు' అని అదే మాటను ఇంగ్లీషుల చెప్పిండు. చూడు, చదువుకున్నోడు. ఈడి మాటను ఎత్కపోయి ఆడ దించితే గదే మాటగ ఉంటదా? తెల్లారి పోరి తల్లి బడికొచ్చింది, నెత్తిమీద ఇంత పెద్ద గెల. సుదర్శన్, 'బిడ్డను తిట్టిన్నని కొట్లాటకొచ్చింది, ఇగ నన్ను ఇంటికి తోలుతరు' అనుకున్నడు. ఆమె గెల దించి ఏందో అన్నది. హెడ్‌సారు నవ్వుకుంట చెప్పిండు, 'మా తాన అన్నమంటే అరటికాయే సారూ. అది లేకుంటె తిన్నట్టే కాదు. తన బిడ్డ లేంది ఆట ఆటే కాదన్నవంట, సంతోషం అంటుంది.' మన తాన ఆ మాటకు మతలబు వేరని చెప్పాలె గదా? చెప్పలే. గెల తీస్కున్నడు. అటెన్క గెల మీద గెల వచ్చుడే. తిన్నడు.

మరి గట్ల తిన్నది అరుగుతదా? పక్కూరి బడితోని మ్యాచ్ వెట్టిండ్రు. నకాటో లేకుంటనే పదకొండుమంది ఉన్నరు. గని తల్లి, చిన్నమ్మలు, వాడకట్టంత వచ్చి గుడ్డలు పరుసుకొని కూసున్నరు, మా పిల్ల ఆడుతది సూద్దామని. మనోడు ఓ మంచి ఆటగాన్ని కూసోవెట్టి ఆ పోరిని దింపిండు. హెడ్‌సారు మొకం మాడింది. పోరి ఆఖరికి బ్యాటింగుకొచ్చింది. మొదటి బాలే వికెట్లకు తాకింది. అంపైరు అవుటన్నడు. పోరి కదల్తలేదు. 'నేను అరటిపండు, నాకు అవుట్ లేదు' అంటుంది. అవతలోళ్లు కిందవడి నవ్వుతున్నరు, ఇవతలోళ్లు సుదర్శన్ దిక్కు చూస్తున్నరు. నడుమకు నడ్సిండు. ఆ పోరి ముందల మోకాళ్ల మీద కూసోని ఉన్నదున్నట్టు చెప్పిండు. 'మా ఊర్ల ఆ మాటకు మతలబు వేరే బిడ్డా. లెక్కల లేనోళ్లను అంటరు. ఇయ్యాల నువ్వు లెక్కల ఉన్నవ్. అందుకే అవుటైనవ్.' పోరి ఒక్కటే అడిగిందంట, 'అంటే ఇన్నిదినాలు నన్ను లెక్కవెట్టలేదా?' బ్యాటు ఆడనే పారేసి పోయింది. ఓడిండ్రు, అది వేరే ముచ్చట.

ఆట అయినంక తల్లి వచ్చింది. తిడుతది, కొడుతది అనుకున్నడు. ఆమె, 'నా గెలలు తిన్నవు కదా, అవేమన్న ఉత్తుత్త గెలలా? తిన్నదానికి నేర్పు' అన్నదంట. గంతే. పోరి మొకం మాడ్సుకొని వచ్చింది, గని వచ్చింది. ఇగ ఆమెకు గూడ అవుటే. దినాం అవుటయ్యేది, దినాం ఏడ్సేది, తెల్లారి మల్ల ముందల నిలబడేది. వీడు జర మెల్లగ బాల్ ఏస్తే కండ్లెర్ర జేసేదంట.

గడువైపోయి ఇంటికొచ్చిండు. వచ్చినంక ఎక్కువ దినాలు బతకలే, గుండె. దవాఖానల ఊకె కూసోలేక నేనే అడిగిన, 'ఆ పోరి ఎప్పుడన్న కొట్టిందారా?' అని. 'కొట్టింది బావా' అన్నడు. 'ఎంత దూరం?' అన్న. చెయ్యి లేపి, గంత దూరమన్నట్టు కిటికీ దిక్కు చూపిచ్చిండు. ఆ కిటికీ అవతల గోడే ఉండె.

ఊఁ. ఏంది, ఇంక గట్లనే కూసున్నవ్? నల్లల నీళ్లొస్తున్నట్టున్నయ్, పో, మీ అమ్మకు చెప్పుపో.