బుష్షు గొప్పా, బాల్ గొప్పా

లారీల షెడ్డు. బల్ల మీద ఒక లారీ ఇంజన్ నుంచి విప్పి పడేసిన టర్బో, అంటే ఇంజన్‌లోకి గాలి నెట్టే పంకా. అటు ముసలి మెకానిక్కు, ఇటు ఆ లారీ నడిపే ఆయన చెల్లెలి కొడుకు.

“...అందుకే చెబుతున్నానురా అల్లుడూ, టర్బోని చెవికానించి ఒక్క తిప్పు తిప్పానంటే లోపల ఉన్నది బుష్ బేరింగో బాల్ బేరింగో చెప్పేస్తాను. దాన్ని నడిపినవాడు పొద్దున పళ్ళు తోముకున్నాడో లేదో కూడా చెప్పేస్తాను.”

“నీ కోతలకేం గానీ మావయ్యా, ఓనరు వచ్చేస్తున్నాడు. డ్రైవరు తప్పని తేలితే తాళాలు అక్కడ పెట్టి పొమ్మన్నాడు. ఏమైందో చెప్పు.”

“ఏమైందా? వంగి వాసన చూడు.”

“ఛీ! ఏంటిది?”

“ఆయిల్. ఒకప్పుడు. ఇప్పుడు అడుగంటిన మూకుడు. గోటితో గీకినా రాదు. థూ! ఎన్ని కంపులు పీల్చానో గానీ ఇది వేరురా. ఆ ఇరుసు పట్టుకుని ఊపు.”

“ఊగుతోంది.”

“ఊడిపోయే పన్నులా ఊగుతోంది. ఇంజన్ ఆపేముందు కాసేపు ఊరికే తిరగనిస్తున్నావా, లేదా?”

“తిరగనిస్తాను. అంటే... తిరగనిస్తాను మావయ్యా. ఎప్పుడూ కాదు, కానీ తిరగనిస్తాను.”

“ఘాట్ రోడ్డెక్కి, టీ కొట్టు కనపడగానే?”

“టీ కొట్టు సంగతి ఇప్పుడెందుకు?”

“ఎందుకా? నువ్వు టక్కున తాళం తిప్పితే ఆయిల్ రావడం ఆగుతుంది, లోపలి వేడి ఆగదు. ఉన్న కాస్త ఆయిలూ ఇదిగో, ఇలా మాడి చస్తుంది.”

“అసలు బుష్షే మంచిది కాదట మావయ్యా. బాల్ బేరింగైతే ఈ గొడవే ఉండదట. ఓనరుకి ఎవరో చెప్పారు.”

“చెప్పినవాడి తలకాయ. బుష్షంటే ఇత్తడి ఉంగరం. ఇరుసు దాన్ని తాకదు, మధ్యలో ఆయిల్ పొర మీద తేలుతుంది. మొరటుది, బరువు మోస్తుంది, అరిగితే మనమే ఇక్కడే మార్చుకుంటాం. కాకపోతే ఊపందుకోవడానికి బద్ధకం. పైగా ఆయిల్ ధారగా పోస్తూనే ఉండాలి.”

“మరి బాల్?”

“అందులో ఇరుసు ఉక్కు గోళీల మీద తిరుగుతుంది. అది కొత్త పెళ్ళికొడుకు. కాలు ఆనించగానే ఉరుకుతుంది, చుక్క ఆయిల్‌తో బతికేస్తుంది. ఒక్క ఇసుక రేణువు పడిందా, అలిగి కూర్చుంటుంది. విప్పి బాగుచేయడం మనవల్ల కాదు, లోపలిదంతా పారేసి కొత్తది పెట్టాల్సిందే. అయినా టక్కున ఆపేవాడి చేతిలో పడితే అదీ మాడేదే.”

“ఆగాగు. ఇది బుష్షని నిజంగా చెవితోనే కనిపెట్టావా?”

“చెవేంట్రా, చెవిలో హోరు తప్ప ఏమీ వినపడదు నాకు. నువ్వు రాకముందే విప్పి చూసుకున్నాను. రండి ఓనరుగారూ, రండి. అక్కడ గ్రీజుంది, చూసి.”

“చూడ్డానికేముంది పెద్దాయనా. వీడు మాడ్చి చంపాడు. అంతేనా?”

“సార్, నేను...”

“నువ్వు నోర్ముయ్. పెద్దాయన్ని చెప్పనీ. మేనల్లుడని వెనకేసుకురాకు పెద్దాయనా.”

“నేనా? ఈ కంపు పీల్చాక కన్నతల్లే వెనకేసుకురాదు. ఒక్క మాట చెప్పండి. ఈ బండికి ఇంతకుముందు బాల్ బేరింగ్ టర్బో ఉండేదా?”

“ఉండేది. అది పోతే దారిలో ఎవడిచేతో ఇది వేయించాను.”

“అదీ సంగతి! బాల్‌కి ఆయిల్ ఎక్కువైతే కష్టమని పైపులో ఇలాంటి సన్నచిల్లు ముక్క పెడతారు. బుష్షు బిగించేటప్పుడు దాన్ని తీసేయాలి. ఇదిగో, తీయలేదు. ధార కావలసినదానికి చుక్కలు పోశారు. పాపం, దాహంతో చచ్చింది.”

“ఇది... ఈ పైపులోదేనా?”

“పట్టుకోండి, కళ్ళ దగ్గర పెట్టుకుని చూడండి. గుండుసూది దూరుతుందేమో చెప్పండి.”

“ఛీ ఛీ! ఎలాంటి వెధవ చేతుల్లో పెట్టాను బండిని! ఒరేయ్, తాళాలు నీ దగ్గరే ఉంచు. పెద్దాయనా, మళ్ళీ బుష్షే వేసెయ్. రేపు లోడుంది, వీడే వెళతాడు.”

“మంచిదండీ. గ్రీజు, గ్రీజు... తొక్కారు. పోనివ్వండి.”

“వెళ్ళాడా మావయ్యా?”

“వెళ్ళాడు.”

“చూశావా! నా తప్పు రవ్వంత లేదు! ఇన్నాళ్ళూ నా ప్రాణం తోడేశాడు. రేపు లోడెత్తే ముందు వాడిచేత సారీ చెప్పించుకుంటాను, చూడు. అసలు నాలాంటి డ్రైవరు...”

“ఒరేయ్.”

“టక్కున ఆపితే పోతుందని అందరూ ఊరికే భయపెట్టారు. ఇకనుంచి ఎక్కడ టీ కొట్టు కనిపిస్తే అక్కడ టక్కున...”

“ఒరేయ్! ఆ నోరు మూయకపోతే ఈ మాడంతా గీకి అందులో కుక్కుతాను. ఛీ, నిన్ను చూస్తుంటే ఈ కంపే నయమనిపిస్తోంది. మీ అమ్మ మొహం చూసి చేశాను గానీ... ఇందాక ఓనరుకి నేను చెప్పిందంతా నిజమేరా, ఒక్కటి తప్ప.”

“ఏది?”

“ఆ చిల్లు ముక్క. అది మీ బండి పైపులోది కాదు, నా చొక్కా జేబులోది.”