ఈతమాను కొట్టాలలో మిగిలిన ఇద్దరు

ఓబులక్క నెత్తిన గంప పెట్టుకోని ఎర్రగుట్ట దిగి వస్తాంటే ఈతమాండ్లు కనపడినాయంట. కరువు కాలం. ఆమె ముందర, ఆమె మొగుడు చెన్నరాయుడు గొర్రెల్ని తోలుకోని ఎనక. యాడ చూసినా నేల పగిలి పెంకులు లేస్తాంటే, ఆ పల్లంలో మాత్రం ఈతమాండ్లు పచ్చగా నిలబడినాయనుకో. ఈతమాను ఊరికే పచ్చగా ఉండదు గదా, కింద తడి ఉంటేనే. ఆమె గంప దించేసి, ఇంక నేను నడవను, ఈడ్నే ఉందాం అనిందంట. ఆయప్ప నవ్వి, ఈడ ఏముంది మే, గాలి తప్ప అన్నాడంట. గాలి ఉంటే తూర్పారబట్టుకోను పనికొస్తుందిలే అనిందంట ఆమె. ఇత్తనం పడలా, మొలక లేయలా, అప్పుడే తూర్పారబట్టే మాట. అట్లాంటి మనిషి.

ఏమైందంటే, ఇద్దరూ కలిసి తవ్వినారు. మోకాటి లోతుకు ఇసక తడిసె, నడుం లోతుకు నీళ్లు ఊరె. సల్లని చెలమ నీళ్లు. ఆ యేడు కొర్రలు చల్లితే పండినాయి. ఆ పచ్చదనాన్ని గుట్ట మీది నుంచి చూసి ఒకరొకరు దిగొచ్చినారంట. ఎవురొచ్చినా ఓబులక్క మొదట సంగటి పెట్టేది, తిన్నంక ఇల్లు యాడ కట్టుకోవాల్నో చూపించేది. నీ వాకిలి తూరుపుకు పెట్టు, నీ కళ్లం ఈ పక్కకు ఏసుకో అని. అట్ల కొట్టం పక్కన కొట్టం లేచి ఊరైపాయ. ఈతమాను కొట్టాల అని పేరొచ్చె. కోతలప్పుడు చూడల్ల ఆ ఊరిని. సాయంత్రం ఎండ వాలుతా ఉంటే కళ్లంలో పొట్టు లేచి, ఊరంతా బంగారు పొగ కమ్మినట్టు ఉండేదంట. ఆ పొగలో మనుషులు కనపడరు, పాట మాత్రం వినపడుతుంది. ఓబులక్క అరుగు మీద కూచ్చోని, ఇది నిజమేనా, నేనింకా యాడన్నా దోవలో నిద్దరపోతాండానా అనుకునేదంట.

చెన్నరాయుడు కాలం చేసే ముందర కొట్టం పక్కన అనపగింజ నాటినాడు. ఆయప్ప పోయినంక అది మొలిచి పైకప్పంతా పాకె. ఓబులక్కకు పిల్లల్లేరు. ఆ తీగె కాయలు గూడా కోసేది కాదు, ఊరికే చూస్తా కూచ్చునేది. పక్కింట్లో పుల్లక్క. ఆమె మేక ఒకనాడు తాడు తెంపుకోని ఆ తీగెను మొదలుకంటా మేసేసె. ఓబులక్క రాయి తీసుకోని ఇసిరె, మేక కాలు విరిగె. పుల్లక్కకు ఉన్న పాడి అంతా ఆ మేకే. నోరు లేని జీవమక్కా, దానికేం తెలుసు అనింది. ఓబులక్క మొకం తిప్పుకోని లోపలికి పోయి తలుపేసుకునె. అంతే, ఆ పొద్దు నుంచి మాటల్లేవు. గోడకవతల ఒకరు, ఇవతల ఒకరు. ఏండ్లు గడిచిపాయ.

అంతలో గుట్టకవతల తారు రోడ్డు పడె, బస్సొచ్చె, బడి వచ్చె. ఇటుపక్క వానలు సన్నగిల్లె. మొదట ఒకిల్లు పోయింది. ఇల్లు పోవడమంటే మనుషులు మాత్రమే పోలేదప్పా, దూలాలు, వాకిండ్లు, తలుపులు అన్నీ పెరుక్కోని బండ్లకెత్తుకోని, గుట్ట మీద చీమలబారు మాదిరి పోయినారు. దాని ఎనక ఇంకొకటి, ఇంకొకటి. ఓబులక్క చూస్తాంటే ఊరే లేచి నడిచిపోతాన్నట్టు ఉన్నిందంట. పొయ్యేవాళ్లు, నువ్వూ రామ్మా అనేవాళ్లు. మీరు పోండి, సల్లగా బతకండి అనేది. ఆఖరికి మిగిలినవి రెండే ఇండ్లు. ఒకటి ఓబులక్కది, ఇంకొకటి ఎవురిది? ఆ, పుల్లక్కదే. మాటల్లేని ఆ రెండే మిగిలినాయి.

ఒకనాడు పొద్దెక్కినా పుల్లక్క ఇంట్లో పొయ్యి పొగ లేయలా. ఓబులక్క లేచె, కూచ్చునె, మళ్లా లేచె. ఆ ఇంట్లోకి పోయి చూస్తే పుల్లక్కకు జరంతో ఒళ్లు కాలిపోతాంది. గంజి కాచి తాపించింది. పుల్లక్క రెండు గుక్కలు తాగి, "ఉప్పెయ్యలేదక్కా" అనిందంట. ఇన్నేండ్లకు మొదటి మాట అది. ఓబులక్కకు నవ్వొచ్చె, నవ్వు ఎనకాలే ఏడుపొచ్చె. "మేక కాలు ఇరగ్గొట్టింది నేను, నాదే తప్పు పుల్లీ" అనె. ఆమె, నేనూ తాడు గట్టిగా కట్టలేదులే అనె. మరి రోడ్డుకాడికి పోయిన నీ కొడుకు పిలుస్తానే ఉండె గదా, ఇన్నాళ్లూ ఎందుకు పోలేదే అని ఓబులక్క అడిగితే, "నీ ఇంట్లో పొగ లేస్తానే ఉండె. నేనెట్ల పోతానక్కా?" అనిందంట.

రోడ్డుకాడ ఉండే కొడుకు, మద్దిలేటి, దోవన పొయ్యే గొర్రెలోళ్లు చెప్తే సంగతి తెలిసి బండి కట్టుకోని వచ్చినాడు. తల్లిని ఎత్తి బండిలో పండబెడితే, అక్క రాకుంటే నేను రాను అని ఆమె బండిగుంజ పట్టుకోని దిగబోయింది. ఓబులక్క తన అరుగు దిక్కు చూసె, చెన్నరాయుడు మట్టైన తావు దిక్కు చూసె. మద్దిలేటి ఎద్దుల్ని పట్టుకోని నిలబడినాడు. కడకు ఆమె పొయ్యిలో నిప్పు మీద చెంబుడు నీళ్లు పోసొచ్చి, "ఇద్దరు మాట్లాడుకుంటే ఊరు మద్దిలేటీ, ఒక్కదాన్నుంటే అడివి. ఊరు నీ బండెక్కినంక నేనీడ ఎవురికి కాపలా?" అని చెయ్యి చాపింది. ఎక్కించుకున్నాడు.

అయిపాయ. ఇప్పుడు ఆ పల్లంలో కౌజుపిట్టలు తప్ప ఏమీ లేవు. సర్కారోళ్ల పటంలో మాత్రం ఈతమాను కొట్టాల అని ఇంకా రాసుందంట. ఇండ్లు లేవు, మనుషులు లేరు, పేరుంది. మనలో ఎంతమందికి ఆ పేరన్నా మిగులుతుందిలే. లేయండి లేయండి, గొర్రెలొచ్చే యాళాయ.