కెమెరా పక్కన నిలబడ్డ మనిషి

సినిమా నటుడు ఎల్మర్ హాస్కిన్స్‌ను సమాధి చేసిన మధ్యాహ్నం, హాలీవుడ్ పక్కన బర్బాంక్‌లోని ఆయన ఇంట్లో ఒక యువ నటి ఆయన భార్య పక్కన కూర్చుంది.

"మా ఆయన చేసినవి నూట నలభై సినిమాలమ్మా! దాదాపు అన్నిట్లో జడ్జీ వేషం, కాకపోతే శవం."

"నా మొదటి సినిమాలో మా నాన్న వేషం ఆయనదే. తన షాట్లు అయిపోయినా వెళ్లలేదండీ. నా షాటుకి కెమెరా పక్కన నిలబడి, తన డైలాగులు చెబుతూ నిజంగానే ఏడ్చారు."

"ఎవరికీ కనబడకుండానా? పిచ్చి మారాజు!"

"నాకు కనబడ్డారు కదండీ. ఆయన్ని చూసే నాకు ఏడుపొచ్చింది. ఆ ఏడుపే నన్ను నటిని చేసింది."

"ఎప్పుడది?"

"థాంక్స్‌గివింగ్ పండగకి ముందురోజు సాయంత్రం."

"ఆ ఏడు నా పుట్టినరోజు ఆ రోజే వచ్చిందమ్మా. ఆలస్యంగా వచ్చారని నేను వారం రోజులు ఆయనతో మాట్లాడలేదు."

"కారణం చెప్పలేదా?"

"పనుందన్నారు, అంతే. చెప్పి మంచిపని చేశావు, తల్లీ. ఆయనకి క్షమాపణ మాత్రం చెప్పుకోలేకపోయాను."