చెయ్యి తీస్తే ఆగే బండి

నా పేరు, మా ఆయన పేరు పైన రాసుకున్నారు. వీధిలో నన్ను ఇస్త్రీ అక్క అంటారు. ఆ పేరుతో అడిగితేనే ఎవరైనా మా ఇల్లు చూపిస్తారు. నా వయసు యాభై ఆరు. ఇంట్లోనే బట్టలు ఇస్త్రీ చేసి ఇళ్ళకు అందజేస్తాను. చదవడం, రాయడం వచ్చు. నన్నెవరూ బెదిరించి గానీ బతిమాలి గానీ ఇక్కడికి పంపలేదు. మా ఆయన ఇదే స్టేషన్లో ముందు గదిలో బెంచీ మీద కూర్చుని ఉన్నారు. నేను వచ్చినట్టు ఆయనకు తెలియదు. నన్ను వెనక గుమ్మం నుంచి రానిచ్చినందుకు ఆఫీసరు గారికి కృతజ్ఞతలు.

నిన్న సాయంత్రం మా తమ్ముడు ఇంజను బిగించిన సైకిల్ మీద వెళ్ళి కళ్ళజోళ్ళ షాపు అద్దాన్ని గుద్దాడు. ఆ సైకిల్ కట్టింది మా ఆయన. వేగం పెంచే మీట పెట్టకూడని చోట పెట్టానని, తప్పంతా తనదేనని ఆయన మీకు రాసిచ్చారు. ఆ మాట మీద మా షెడ్డుకు తాళం వేసి సీలు పెట్టారు. ప్రమాదకరమైన బండి చేసినందుకు కేసు పెడతారని, ఇక జన్మలో సైకిల్ ముట్టనని ఆయన చేత రాయించుకుంటారని విన్నాను. ఆయన రాసిచ్చింది నిజం కాదు. అది చెప్పడానికే వచ్చాను.

మా ఆయన ముప్పై ఏళ్ళు లిఫ్టులు బాగుచేశారు. పని మానేశాక పాత సైకిళ్ళకు ఇంజన్లు బిగించడం మొదలుపెట్టారు. గడ్డి కోసే మిషన్ల నుంచి, చేలకు మందు కొట్టే మిషన్ల నుంచి ఊడదీసిన చిన్న ఇంజన్లు అవి. ఆయన సైకిళ్ళు అమ్మరు. స్నేహితులెవరైనా పాడైన బండి తెచ్చుకుంటే బాగుచేసి, టీ తాగించి పంపిస్తారు. మీరు షెడ్డు అని రాసుకున్నారు గానీ అది ఒకప్పుడు మా స్నానాల గది. గోడకు సబ్బుపెట్టె ఇంకా ఉంది, అందులో స్పార్కు ప్లగ్గులుంటాయి. తువ్వాళ్ళ కొక్కేలకు చైన్లు వేలాడతాయి. నా ఇస్త్రీ బల్లకూ ఆ గదికీ మధ్య ఒక్క తలుపే అడ్డం. ఇంజను మొదలుపెట్టే ముందు "దుప్పటి కప్పు" అని అరవాలని మా ఇద్దరికీ ఒప్పందం. అప్పుడు నేను ఇస్త్రీ చేసిన బట్టల మీద దుప్పటి కప్పుతాను. ఆయన ఇంజను మొదలుపెట్టాక అరుస్తారు. చొక్కాలకు పెట్రోలు వాసన వస్తోందని బ్యాంకు మేనేజరు గారి భార్య రెండుసార్లు అడిగింది. మీ సబ్బు మారిందేమో చూసుకోమన్నాను. దీనికీ కేసుకూ సంబంధం లేదని రాసేవారు అంటున్నారు. చెప్పిందంతా రాయమని ఆఫీసరు గారే అన్నారు, రాయండి.

మా తమ్ముడు క్షవరం పని చేస్తాడు. షాపు మూశాక తన ఇంటికి కాదు, నేరుగా మా షెడ్డుకు వస్తాడు. బావా బావమరదులిద్దరూ ఒకరినొకరు ఒక మంచి మాట అనుకోగా నేను వినలేదు. ఆయన బిగించిన ఇంజను దగ్గు పట్టిన ముసలాడిలా ఉందని వీడంటాడు. వీడు కట్టిన చక్రం వీడు క్షవరం చేసిన తలలా ఉంది, ఎటు చూసినా ఎత్తుపల్లాలేనని ఆయనంటారు. ఒక్కరోజు వీడు రాకపోతే మాత్రం ఆయనకు పని సాగదు. నాలుగుసార్లు గేటు దాకా వెళ్ళివస్తారు.

ఆ షెడ్డులో ఒక పద్ధతి ఉంది. కొత్తగా కట్టిన సైకిల్ హ్యాండిల్‌కు ఎర్రగుడ్డ కడతారు. కట్టినవాడు దాన్ని మొదట నడపకూడదు. తను కట్టిన ఇంజను ఎంత కీచుమన్నా కట్టినవాడికి ముద్దుగానే ఉంటుందని, లోపం ఇంకొకడికే దొరుకుతుందని వాళ్ళ లెక్క. మా ఆయన కట్టినదానికి తమ్ముడు, తమ్ముడు కట్టినదానికి మా ఆయన గుడ్డ విప్పాలి. ఒకరినొకరు అడగరు. గుడ్డ కనబడితే విప్పి, ఒక చుట్టు తిప్పి తెచ్చి, నోరారా తిట్టాలి.

ఇప్పుడు నా కుడిచేతి సంగతి చెప్పాలి. పెద్ద లాండ్రీలో పనిచేసేటప్పుడు ఆవిరి ప్రెస్సు మూత ఈ చేతి మీద పడింది. నాలుగు వేళ్ళూ ముడుచుకోవు. అరచేత్తో అదమగలను గానీ పిడికిలి పట్టలేను. ఇస్త్రీ ఎడమచేత్తోనే చేస్తాను. మూట భుజాన వేసుకుని మిట్ట రోడ్డు ఎక్కేటప్పుడు ఈమధ్య ఆయాసం వస్తోంది. ఒకరోజు సగం దారిలో ఎవరిదో మెట్టు మీద కూర్చుంటే ఆయన చూశారు. మూట తీసుకుని ముందు నడిచారు.

ఆ వారం నుంచి మొదలైంది. కిటికీ అద్దాలు అతికించే పుట్టీ అంటూ ఒక ముద్ద నా ఎడమచేతిలో పెట్టి, గట్టిగా పిసికి మెత్తబడిందో లేదో చెప్పమన్నారు. నా వేళ్ళ అచ్చు పడ్డ ముద్దను జేబులో వేసుకుని పోయారు. మా కిటికీలకు అద్దాలు లేవు, అన్నీ చెక్క తలుపులే. ఇంకోరోజు స్టూలు ఊగుతోందేమో కూర్చుని చూడమన్నారు. కూర్చుంటే, వంగి స్టూలు కాలు చూస్తున్నట్టు నా మోకాలి ఎత్తు టేపుతో కొలిచారు. ఇన్నేళ్ళు కాపురం చేసినా ఆయనకు అబద్ధమాడటం రాలేదు. చెవులు ఎర్రబడిపోతాయి.

నేను ఆగలేకపోయాను. ఆయన బజారుకు వెళ్ళినప్పుడు షెడ్డులోకి వెళ్ళి, ఆయన కొత్తగా కడుతున్న సైకిల్ మీద కప్పిన పట్టా తీసి చూశాను. రెండు బ్రేకులూ ఎడమవైపు ఒకే పిడికి కలిపారు. నా వేళ్ళు పెడితే పిడి మీది గుంటల్లో సరిగ్గా కూర్చున్నాయి. కుడివైపు వేగం పెంచడానికి పట్టుకుని తిప్పేది లేదు. ఆ వైపు పిడి మీద అరచేయంత రేకు ఉంది. రేకు గుచ్చుకోకుండా నా ఇస్త్రీ బల్ల మీది పాత దుప్పటి ముక్క దానికి చుట్టి కుట్టారు. ఆ ముక్క ఏమైందని నేను ఇల్లంతా వెతికాను. రేకు మీద అరచెయ్యి అదిమితే బండి కదులుతుంది. చెయ్యి తీస్తే ఇంజను తగ్గి, వెనక బ్రేకు దానంతటదే పడుతుంది. లిఫ్టులోనూ అంతేనని మా పెళ్ళయిన కొత్తలో ఆయన చెప్పారు. కరెంటు ఉన్నంతసేపే బ్రేకు ఎత్తి ఉంటుందట, పోగానే పడి పట్టుకుంటుందట. కొత్త పెళ్ళాంతో చెప్పుకునే కబుర్లా ఇవి అని అప్పట్లో బాధపడ్డాను.

నాకు వేళ్ళు ముడుచుకోవు కాబట్టి రేకు పెట్టారు, అది అర్థమైంది. చెయ్యి తీస్తే ఆగడం ఎందుకో అర్థం కాలేదు. అలా చూస్తూ ఉండగా అరమీది నుంచి మేకుల డబ్బా కింద పడింది. నా కుడిచెయ్యి లేచి గుండెల మీదికి వచ్చింది. ప్రెస్సు పడ్డప్పటి నుంచి చిన్న చప్పుడైనా నా చెయ్యి అలాగే లేస్తోందని అప్పుడు తట్టింది. అప్పటిదాకా నాకా సంగతి తెలియనే తెలియదు. తలుపు తీసినప్పుడూ, కుక్కర్ కూసినప్పుడూ ఆయన చూస్తూ వచ్చారన్నమాట. నేను భయపడితే బండి ఆగాలని, భయపడ్డప్పుడు నేనేం చేస్తానో దాన్నే బ్రేకు చేసి పెట్టారు. అక్కడే మేకులు ఏరుతూ ఏడ్చాను. తర్వాత సైకిల్ మీద పట్టా కప్పి వచ్చేశాను. ఎవరితోనూ అనలేదు. ఎవరికో చేస్తున్నానని ఆయన మా తమ్ముడితో కూడా అన్నారు.

నిన్న సాయంత్రం ఐదున్నరకు ఆయన మేకులు తెస్తానని బయటికి వెళ్ళారు. బండి పూర్తయిందన్న సంతోషంలో, చేతి అలవాటు కొద్దీ, హ్యాండిల్‌కు ఎర్రగుడ్డ కట్టేసి వెళ్ళారు. కాసేపటికి తమ్ముడు వచ్చాడు. "దుప్పటి కప్పు అక్కా" అని వాడి అరుపు, వెంటనే ఇంజను చప్పుడు వినబడ్డాయి. నేను పరుగెత్తుకొచ్చేసరికి వాడు గేటు దాటాడు.

గుద్దడం నేను చూడలేదు, తమ్ముడు చెప్పింది చెబుతున్నాను. వాడు రోడ్డు మీద తన కస్టమర్ ఎవరో కనబడితే ఎడమచెయ్యి ఎత్తి ఊపాడు. అప్పుడే ఒకాయన నిచ్చెన పట్టుకుని అడ్డం వచ్చాడు. బెదిరిపోయి వాడు కుడిచెయ్యి బిగించాడు. భయపడితే లోకంలో అందరూ చెయ్యి బిగిస్తారు. అరచెయ్యి రేకును అదిమింది, బండి ఇంకా జోరుగా పోయింది. వాడికి పెదవి చిట్లింది, మణికట్టు బెణికింది. ఇంకెవరికీ దెబ్బ తగల్లేదు.

మా ఆయన పరుగున వెళ్ళేసరికి షాపాయన తమ్ముడి కాలరు పట్టుకుని ఉన్నాడట. బండి ఎవరిది, తప్పెవరిది అని మీవాళ్ళు అడిగారు. ఇది నా భార్యకని చేశాను, ఇతను అడగకుండా ఎక్కాడు అంటే ఆయన బయటపడేవారు. తమ్ముడు ఇరుక్కునేవాడు. బామ్మర్దిని తను వంద అంటారు గానీ ఇంకొకరు ఒక్క మాట అంటే ఓర్వరు. తప్పు నెత్తిన వేసుకున్నారు. రాత్రి తమ్ముడు మా గడప మీద కూర్చుని, "అక్కా, ఇన్నేళ్ళలో బావ ఒక్క బోల్టు తప్పు బిగించలేదు. ఇవాళ నా కోసం తనకు పని రాదని సంతకం పెట్టాడు" అన్నాడు. ఆ మాట విన్నాక నాకు నిద్ర పట్టలేదు.

ఒక్కరికి తప్ప ఇంకెవరికీ పనికిరాని బండి ఎవరైనా చేస్తారా, అది ప్రమాదం కాదా అని ఆఫీసరు గారు ఇప్పుడు నన్ను అడిగారు. "నా కళ్ళజోడు పెట్టుకుని నడిస్తే మీరు కూడా అద్దాన్ని గుద్దుతారండీ. అంతమాత్రాన కళ్ళజోడు చేసినాయనది తప్పా?" అన్నాను. ఫిర్యాదు ఇవ్వడానికి వచ్చి పక్కనే కూర్చున్న షాపాయన తల వంచుకుని నవ్వాడు.

మాటల్లో ఉండగా ఆఫీసరు గారు నా వెనక నేల మీద తాళాల గుత్తి పడేశారు. నా కుడిచెయ్యి గుండెల మీదికి వచ్చింది. కావాలనే పడేశానని, ఆ సంగతి కూడా రాయించమని ఆయనే అన్నారు. అందుకని రాయిస్తున్నాను.

మా ఆయన తప్పు ఏదైనా ఉంటే ఆ ఎర్రగుడ్డ కట్టడమే. గుడ్డ కట్టినందుకు సెక్షన్ ఉంటుందని నేననుకోను. షాపు అద్దం తమ్ముడూ ఆయనా కలిసి పెట్టిస్తారు.

ఇదంతా నాకు చదివి వినిపించారు. నేను చెప్పినట్టే ఉంది. పెట్రోలు వాసన సంగతి కూడా ఉంది. ఇందులో నేను కల్పించింది ఒక్క ముక్క లేదు. ఒకటే మనవి, దీన్ని మా ఆయనకు చదివి వినిపించవద్దు. నిన్న ఆయన తెచ్చిన పొట్లంలో మేకులు లేవు, సైకిల్ బెల్లు ఉంది. ఎడమ బొటనవేలితో నొక్కేది. మీరు సీలు తీస్తే ఆయన బండి బాగుచేసి, ఆ బెల్లు బిగించి, ఒకరోజు నన్ను షెడ్డులోకి పిలుస్తారు. చెవులు ఎర్రగా ఉంటాయి. నేను గుమ్మంలో నిలబడిపోయి "నాకా?" అని అడగాలి. ఇక్కడ ఒక్క అబద్ధమూ చెప్పలేదు. ఆ ఒక్కటీ ఇంటి దగ్గర ఆడతాను.

సంతకం (ఎడమచేత్తో)