గరుకు మర

కోడలు పళ్ళ డాక్టరు. కుర్చీలో నోరు తెరుచుకుని పడుకున్నది ఆమె అత్తగారు. కట్టుడు పన్ను నిలబెట్టడానికి దవడలో పెట్టిన మొదటి టైటానియం మర వదులై ఊడి వచ్చేసింది. రెండోదైనా ఎముకకు అతుక్కుందో లేదో ఇవాళ తేలాలి.

"అత్తయ్యా, మెల్లగా తిప్పి చూస్తాను. నొప్పి పుడితే చెయ్యెత్తండి."

"ఆగు, ముందు ఒక మాట అడగనీ. ఆ రోజు పెట్టేముందు చూశాను, బూడిద రంగులో గరుకుగా ఉంది. ఇంటిమనిషినే కదా అని పాత సరుకు పెట్టలేదు కదా?"

"అయ్యో, ఇన్నాళ్ళూ ఇది కడుపులో పెట్టుకుని తిరుగుతున్నారా! కావాలనే యాసిడ్‌తో అలా గరుకు చేస్తారు. నున్నటి గోడకి సిమెంటు నిలవదని మేస్త్రీ గాట్లు పెడతాడే, అలా అన్నమాట. ఆ సన్న గుంటల్లోకి ఎముక పెరిగి పట్టుకుంటుంది."

"పట్టుకుందా మరి?"

కోడలు పరికరం బిగించి తిప్పింది. మర ఇసుమంత కూడా కదల్లేదు.

"పట్టుకుంది అత్తయ్యా! గట్టిగా పట్టుకుంది."

"హమ్మయ్య! మరి నువ్వెందుకే కళ్ళు తుడుచుకుంటున్నావు?"

"మొదటిది ఊడినప్పటి నుంచీ నా చేతి మీద నాకే నమ్మకం పోయింది. ఇంట్లో ఎవరూ పల్లెత్తు మాట అనలేదు, అది ఇంకా బాధ."

"నిన్నెందుకంటారు? నువ్వు వద్దన్నా వినకుండా నేనే బాదంపప్పు కొరికానని చెప్పాను. మీ మామయ్య ఇప్పటికీ నన్నే తిడుతున్నారు."

"అత్తయ్యా! ఇవాళే వెళ్ళి నిజం చెప్పేస్తాను."

"చెప్పినా నమ్మరులే. నా మొండితనం మీద వాళ్ళకి అంత గురి. ముందు ఆ పన్నేదో తొడుగు, ఈసారి నిజంగానే కొరుకుతాను."